పంటకు ధర, రైతుకు గడువు



పంట కల్లానికి చేరిన నాడే అప్పులవారు గుమ్మంలో నిలిచినట్లయితే, ధర చెప్పే అధికారం రైతు చేతిలో ఉండదు. ఈ సత్యాన్ని గ్రహించి రాజకీయాలలో దానికొక రూపమిచ్చిన రైతు అమెరికాకు చెందిన లియోనిడాస్ పోక్. ఆయన జీవితం మనకూ ఆలోచింపదగినది.

పోక్ 1837లో ఉత్తర కరోలినా రాష్ట్రంలోని ఆన్సన్ కౌంటీలో జన్మించాడు. చిన్ననాటనే తల్లిదండ్రులను కోల్పోయి సేద్యం చేపట్టాడు. 1877లో ఆ రాష్ట్రపు మొట్టమొదటి వ్యవసాయ కమిషనర్ అయ్యాడు. 1886లో 'ప్రోగ్రెసివ్ ఫార్మర్' అనే పత్రికను స్థాపించి, వ్యవసాయ కళాశాల కొరకు ఉద్యమించాడు. ఆ కళాశాల 1887లో ఏర్పడింది.

అంతర్యుద్ధానంతరం దక్షిణాది రైతు విత్తనాలు, ఎరువులు, తిండిగింజలు సైతం దుకాణంలో అరువుకు తెచ్చుకునేవాడు. అందుకు హామీ ఇంకా పండని పంటయే. నగదు ధర ఒకటి, అరువు ధర మరొకటి. అప్పు తీర్చుటకు ప్రత్తినే వేయాలి. అందరూ ఒకేసారి అమ్ముటచే ధర పడిపోయేది. దుకాణదారు కూడా పైవారికి అధిక వడ్డీ చెల్లించేవాడే. కనుక దోషం వ్యక్తులలో కన్నా ఏర్పాటులో అధికంగా ఉన్నది.

1889లో జాతీయ రైతు కూటమి ఒక పథకాన్ని ప్రతిపాదించింది. ప్రభుత్వ గోదాములలో పంటను నిలువచేసి, దాని విలువలో 80 శాతం వరకు ఏడాదికి 1 శాతం వడ్డీకి రుణమివ్వాలన్నది దాని సారాంశం. ఆ సభలోనే అధ్యక్షుడైన పోక్ ఈ పథకం కొరకు దేశమంతటా ప్రచారం చేశాడు. చట్టసభ దానిని ఆమోదించలేదు. పాపులిస్టు పార్టీ దేశాధ్యక్ష అభ్యర్థి ఆయనే కాగలడని పలువురు తలచిన తరుణంలో, 1892 జూన్ 11న కన్నుమూశాడు.

ఆయనలో లోపాలు లేకపోలేదు. బానిసత్వ పక్షపు సైన్యంలో పనిచేశాడు. ఆయన నడిపిన కూటమిలో నల్లజాతి రైతులకు సభ్యత్వం లేదు. అందరినీ కలుపుకొనని సంఘం బలహీనపడక తప్పదు.

అయినను ఆయన చూపిన మార్గం సరియైనదే. అమెరికాలో 1916లో గోదాముల చట్టం వచ్చింది. మన దేశంలో 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థ ఏర్పడింది. గోదాము రసీదుకు 2007 చట్టం మరింత బలం చేకూర్చింది.

ఐతే ఒక హెచ్చరిక. తాకట్టు రుణం ధరపై జూదం కారాదు. లక్ష రూపాయల సరకుపై 70,000 రుణం తీసుకున్నామనుకోండి. ధర 30 శాతం పడిపోతే మీ వాటా అంతా కరిగిపోతుంది. వడ్డీ, గోదాము అద్దె అదనపు భారం. కనుక సరకును బాగుగా ఆరబెట్టి, నాణ్యత నిర్ధారింపజేసి, గుర్తింపు పొందిన గోదాములోనే ఉంచండి. కొంత ముందే అమ్మి, కొంత మాత్రమే నిలువచేయండి. ఇంత ధర వస్తే అమ్మెదనని ముందే నిశ్చయించుకోండి.

వర్తక మిత్రులు దీనిని పోటీగా భావించవలదు. రుణపు సొమ్ముతో రైతు మీ బాకీ సకాలంలో తీర్చగలడు. రైతుకు కావలసినది దయ కాదు, కొంత గడువు. దానిని సమకూర్చుటయే గ్రామీణ రుణ వ్యవస్థ ప్రథమ కర్తవ్యమని నా అభిప్రాయం.