డబ్బా మీద పేరు కాదు, జెట్ మీద నంబర్ చూడండి

మన పార్కింగ్‌లో ఆర్‌ఎక్స్ 100 సౌండ్ వస్తే తల తిప్పని వాళ్లుండరు. 2018లో అదే పేరుతో సినిమా వచ్చాక మన బ్యాచ్‌కి పిచ్చి ఇంకా ముదిరింది. 1985 నుంచి 1996 దాకా తయారైన 98 సీసీ బండి, 11 హార్స్‌పవర్. అమెరికా వాళ్లకి కమారో, మస్టాంగ్ ఎలాగో మనకి ఇది అలాగ. కానీ ఈ బండిని మళ్లీ రోడ్డెక్కించే తొందరలో మనం ఒక ప్రమాదకరమైన పని చేస్తున్నాం. కార్బొరేటర్ తేడా చేసిందనగానే, ఆన్‌లైన్‌లో "ఒరిజినల్, అన్ని ఆర్‌ఎక్స్‌లకీ సరిపోతుంది" అని రాసున్నది చూసి ఆర్డర్ కొట్టేస్తున్నాం.

నేనూ అదే చేశాను. నాన్న బండి సీతమ్మధారలో మా సెల్లార్‌లో ఏళ్ల తరబడి కవర్ కింద పడుంది. కొత్త కార్బొరేటర్ వేశాక ఒక్క కిక్‌కే స్టార్ట్ అయింది. మూడో రోజు గాజువాక వెళ్తున్నా. ఎన్ఏడీ దాటాక ఫుల్ థ్రాటిల్‌లో ఉండగా వెనక చక్రం ఒక్కసారిగా పట్టేసింది. పిస్టన్ సీజ్. వెంటనే క్లచ్ నొక్కాను కాబట్టి సరిపోయింది. వెనకాలే లారీ ఉంది.

మా వీధి మెకానిక్ బాబాయ్ ప్లగ్ విప్పి చూపించాడు. తెల్లగా కాలిపోయి ఉంది. "ఏటి బాబూ, డబ్బా మీద పేరు సూసి కొనీసావా? లోపల జెట్ నంబర్ సూసావా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

అప్పుడు తెలిసింది, కార్బొరేటర్ అంటే ఒక పార్ట్ కాదు, ఒక టీమ్ అని. ఈ బండికి వచ్చే మికుని రకంలో ఐడిల్‌ని పైలట్ జెట్ చూసుకుంటుంది. థ్రాటిల్ కొంచెం తిప్పగానే స్లైడ్ కింద కోసిన అంచు, మధ్యలో నీడిల్, నీడిల్ జెట్, పూర్తిగా తిప్పితే మెయిన్ జెట్. ఐడిల్‌లో, నెమ్మదిగా పోయేటప్పుడు అంతా బాగున్నా మెయిన్ జెట్ చిన్నదైతే ఆ సంగతి హైవే మీదే తెలుస్తుంది. పెట్రోల్ తగ్గి, గాలి ఎక్కువై, ఇంజిన్ వేడెక్కి, పిస్టన్ ఉబ్బి సిలిండర్‌కి పట్టేస్తుంది.

ఈ ముక్కలన్నిటి మీదా గుర్తులుంటాయి. మికుని నీడిల్ జెట్ మీద ఒక అక్షరం, ఒక అంకె ఉంటాయి. అక్షరం ఒకటి మారితే రంధ్రం 0.05 మిల్లీమీటర్లు, అంకె ఒకటి మారితే 0.005 మిల్లీమీటర్లు మారుతుంది. కంటికి కనపడని తేడా అది. పైగా మికుని మెయిన్ జెట్ నంబర్, కెయిహిన్ నంబర్ ఒకే కొలత కావు. ఇక్కడి 100 అక్కడి 100 కాదు. ఆర్‌ఎక్స్ 135 ఇంజిన్ 132 సీసీ. మరి "అన్ని ఆర్‌ఎక్స్‌లకీ" ఒకే సెట్ ఎలా సరిపోతుంది?

అమెరికాలో పాత మజిల్ కార్లు బాగుచేసేవాళ్లు ముందు చూసేది నంబరే. హోలీ కార్బొరేటర్‌కి చోక్ దగ్గర లిస్ట్ నంబర్ కొట్టి ఉంటుంది. అది పట్టుకుని అది ఏ బండి కోసం చేసిందో వెతుకుతారు, ఆ తర్వాతే కిట్ కొంటారు. మనం కోడ్‌లో లైబ్రరీ పేరు రాసి వెర్షన్ రాయకపోతే ప్రాజెక్ట్ ఏమవుతుందో తెలిసిన వాళ్లమే. బండి దగ్గరికి వచ్చేసరికి ఆ బుద్ధి ఎక్కడికి పోతోంది?

"ఎయిర్ స్క్రూ తిప్పి ట్యూన్ చేస్తే చాలు కదా" అంటారు కొందరు. ఆ స్క్రూ పని చేసేది ఐడిల్ దగ్గరే, మెయిన్ జెట్ తప్పుని అది కప్పలేదు. "ఇప్పుడు పెట్రోల్‌లో ఇథనాల్ కలుపుతున్నారు, పాత నంబర్లు పనికొస్తాయా?" అని ఇంకో మాట. న్యాయమైన ప్రశ్న. ఇథనాల్ కలిస్తే మిశ్రమం ఇంకా పలచబడుతుంది, ఒక సైజు పెంచాల్సి రావచ్చు. కానీ ఎక్కడ మొదలుపెట్టామో తెలియకపోతే ఎంత పెంచాలో ఎలా తెలుస్తుంది? పాత నంబర్‌తో మొదలుపెట్టి ప్లగ్ రంగు చూసుకుంటూ పోవాలి. తెలుపు వస్తే పెట్రోల్ చాలట్లేదు, నల్ల మసి వస్తే ఎక్కువైంది, ఇటుక రంగు వస్తే సరిగ్గా ఉంది.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక చాలా కొత్త బైక్‌లలో కార్బొరేటర్ పోయింది. ఈ నంబర్లు నోటికి తెలిసిన మెకానిక్‌లు ఇంకెన్నాళ్లు ఉంటారు? అందుకే నేను అడిగేది చిన్న పని. పాత కార్బొరేటర్ విప్పేముందు ఫొటో తీయండి. ప్రతి జెట్ నంబర్, నీడిల్ క్లిప్ ఏ గాడిలో ఉందో రాసుకోండి. నంబర్ చెప్పలేని అమ్మకందారు దగ్గర కొనకండి. పాతది పాడైపోయినా పారేయకండి.

నాన్న బండికి బోరింగ్ చేయించి కొత్త పిస్టన్ వేయించాం. నేను పాత ఇనుముకి వేసేద్దామన్న పాత కార్బొరేటర్‌ని బాబాయ్ షాపులో దాచి ఉంచాడు. దాని జెట్‌లు విప్పి, కడిగి, నంబర్లు రాసుకున్నాను. ఆ కాగితం ఇప్పుడు బండి ఆర్‌సీతో పాటే ఉంటోంది.