మబ్బు పడితే నల్లద్దాలు తీసేయండి!

గుల్‌మార్గ్‌లో కేబుల్‌కారు ఎక్కి అఫర్వత్ కొండమీదికి చేరేసరికి ఎండ ఫెళ్లున కాస్తూ ఉంటుంది. కాసేపటికే మబ్బు కమ్మేయొచ్చు. అంతే! అప్పటిదాకా స్పష్టంగా కనిపించిన గుంతలూ మిట్టలూ మాయం. పైన తెలుపు, కింద తెలుపు. వాలు ఎక్కడ మొదలవుతోందో కాళ్లకు తగిలాకే తెలుస్తుంది.

కళ్లకేదో అయిందని కంగారుపడక్కర్లేదు. ఎండలో ప్రతి మిట్టకీ ఓ నీడ పడుతుంది. ఆ నీడల్ని బట్టే మనం ఎత్తుపల్లాల్ని పోల్చుకుంటాం. మబ్బు పడితే వెలుతురు అన్నివైపుల నుంచీ ఒకేలా వస్తుంది కాబట్టి నీడలుండవు. స్కీయింగ్ చేసేవాళ్లు దీన్ని ‘ఫ్లాట్ లైట్’ అంటారు. ఇలాంటప్పుడు నల్లద్దాల గాగుల్స్ పెట్టుకుంటే కనిపించే ఆ కాస్త తేడా కూడా పోతుంది. స్టైల్‌గా ఉంటుందని కొన్న అద్దమే కిందపడేస్తుందన్నమాట!

అందుకే మబ్బు రోజుల్లో పసుపు, నారింజ, గులాబీ రంగు అద్దాలు వాడతారు. ఇవి నీలి కాంతిని కొంత అడ్డుకుని, మంచు మీది గీతల్నీ గతుకుల్నీ కాస్త తేటగా చూపిస్తాయి. అలాగని లేని నీడల్ని సృష్టించలేవు. మరీ దట్టంగా పట్టేస్తే ఏ అద్దమూ గట్టెక్కించదు. వేగం తగ్గించి, పైన్ చెట్లున్న వైపు దిగడమే మేలు. ఆ చెట్లే కంటికి ఆనవాళ్లు.

రంగొక్కటే చూస్తే సరిపోదు. ఎంత వెలుతురు లోపలికొస్తుందన్నది అంకెల్లో రాసి ఉంటుంది. ఎస్1 అద్దం 43 నుంచి 80 శాతం వెలుతురుని రానిస్తుంది, మబ్బుకి ఇదే. ఎస్2 అయితే 18 నుంచి 43 శాతం. ఎస్3 ఎండకి, 8 నుంచి 18 శాతం. ఎస్4లో వచ్చేది 3 నుంచి 8 శాతమే. అది పెట్టుకుని బండి మాత్రం నడపకూడదు. ఒక్కటే కొనగలిగితే నా ఓటు ఎస్2కే.

మరి అతినీల లోహిత కిరణాలో? అద్దం నల్లగా ఉన్నంత మాత్రాన వాటిని ఆపుతుందని కాదు. పైగా చీకటికి కనుపాప పెద్దదై మరిన్ని కిరణాలు లోపలికి వెళ్తాయి. తాజా మంచు వాటిలో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ తీవ్రతా పెరుగుతుంది. మబ్బున్నా అవి పూర్తిగా ఆగవు. ఫలితం అప్పటికప్పుడు కాదు, కొన్ని గంటలయ్యాక... కళ్లలో ఇసుక పోసినట్టు మంట, ధారగా నీళ్లు. మామూలుగా ఒకట్రెండు రోజుల్లో తగ్గుతుంది కానీ డాక్టరుకి చూపించాల్సిందే. మనాలీలోనో గుల్‌మార్గ్‌లోనో కోటూ బూట్లతోపాటు గాగుల్స్ కూడా అద్దెకు తీసుకునేటప్పుడు ‘యూవీ 400’ అని ఉందేమో చూడండి. పిల్లల విషయంలో అయితే అస్సలు రాజీపడొద్దు.

కళ్లజోడు వాడేవాళ్లకి దానిమీదే పెట్టుకునే పెద్ద ఫ్రేములు దొరుకుతాయి. ఆవిరి పట్టకుండా రెండు పొరల అద్దం ఎంచుకోండి. లోపలివైపు తడిసిందని చేత్తో తుడిస్తే పూత పోతుంది. చెమట పట్టిన నుదుటిమీదికి తోసుకున్నా ఆవిరి పట్టేస్తుంది. ఇంకో రంగు అద్దం ఉంటే మెత్తటి సంచిలో పెట్టి కోటు లోపలి జేబులో ఉంచుకోండి. మార్చేదేదో కేబుల్‌కారులో కూర్చున్నప్పుడే మార్చేసుకోండి. పైన గాలికి వేళ్లు కొంకర్లు పోతుంటే అద్దం ఓ పట్టాన ఫ్రేములో కూర్చోదు!