రంగు చూసి చేపల్ని కొనకండి

మా చదువంతా తమిళంలోనే సాగింది. తెలుగు రాత ఇంట్లో పెద్దల దగ్గర నేర్చుకున్నదే. తప్పులుంటే మన్నించండి. విషయాన్ని మాత్రం మన్నించి వదిలేయకండి.

ఉగాదికి మన హాలులో చేపల తొట్టి పెట్టాలని పోయిన కూటంలో తీర్మానించారు. పొడవు మూడడుగులు, వెడల్పు అడుగు, ఎత్తు అడుగున్నర. సంతోషమే. కానీ చేపల జాబితా చూసి మాకు భయం వేసింది. రెండు గోల్డ్‌ఫిష్, రెండు ఏంజెల్, ఆరు టైగర్ బార్బ్, పది గప్పీ, ఒక సకర్. పైగా వాస్తు కోసమని ఒక దాత ఇస్తానన్న ఫ్లవర్‌హార్న్. రంగురంగులుగా ఉంటుందని అందరూ చప్పట్లు కొట్టారు. ఏది దేన్ని తింటుందని ఒక్కరూ అడగలేదు.

ఈ తప్పు మేమూ చేశాం. రిటైరైన ఏడాది తొట్టి కొని, ఆ సాయంత్రమే గోల్డ్‌ఫిష్, గప్పీ, ఏంజెల్ కలిపి వేశాం. కొట్టు మనిషి "అన్నీ కలిసుంటాయి సార్" అన్నాడు. గోల్డ్‌ఫిష్ వారంలో తేలిపోయాయి. ఏంజెల్ పెరిగేకొద్దీ గప్పీలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. "తాతా, చేప ఎక్కడికి పోయింది?" అని మనవరాలు అడిగితే చెప్పిన అబద్ధం ఇప్పటికీ గుచ్చుతోంది. రేపు హాలులో ముప్పై మంది పిల్లలు అదే అడుగుతారు. ఏం చెబుతారు?

రైల్వేలో ప్రమాదకరమైన సరుకుల కోసం రెడ్ టారిఫ్ అని ఒక పుస్తకమే ఉంది. దేని పక్కన ఏది పెట్టకూడదో అందులో ఉంటుంది. పెట్టె అందం ఎవరూ చూడరు. తొట్టికీ అదే లెక్క.

గోల్డ్‌ఫిష్‌కు చల్లటి నీళ్లు కావాలి, అది చేసే మురికీ ఎక్కువ. ఏంజెల్‌కు వెచ్చటి నీళ్లు కావాలి, నోట్లో పట్టే చేపను మింగేస్తుంది. టైగర్ బార్బ్ పొడవాటి రెక్కలు కనబడితే కొరుకుతుంది. అంటే ఏంజెల్‌కూ గప్పీకీ నిద్ర ఉండదు. ఫ్లవర్‌హార్న్ మలేషియాలో మనుషులు సంకరం చేసి పుట్టించిన చేప. దానికి ఒంటరి తొట్టే గతి. సకర్ కొనేటప్పుడు రెండంగుళాలు, పెరిగితే అడుగు దాటుతుంది. "అప్పుడు చెరువులో వదిలేద్దాం" అన్నవారికి ఒక మాట. అలా వదిలినవే చెరువుల్లో పెరిగి జాలర్ల వలలు చింపుతున్నాయి. ఆ పాపం సంఘానికి వద్దు.

ఇక నీళ్లు. మన ధర్మపురి బోరు నీళ్లు ఎంత గట్టివో గిన్నెల్లో పేరుకునే తెల్లటి పొరే చెబుతుంది. నియాన్ టెట్రా లాంటి మెత్తటి నీళ్ల చేపలు ఇందులో నిలవవు. ప్లాటీ, మోలీ, గప్పీలకు ఇవే నచ్చుతాయి. 2013లో మొదలైన హొగెనక్కల్ పథకం కుళాయి నీళ్లు వాడితే, క్లోరిన్ పోవడానికి ఒకరోజు తెరిచి ఉంచాలి.

మా జాబితా ఇది. ప్లాటీలు ఆరు, అందులో మగవి రెండే. మగవి ఎక్కువైతే ఆడవాటిని తరిమి చంపుతాయి. జీబ్రా డానియోలు ఎనిమిది. అవి మన దేశపు చేపలే, గుంపుగా ఉంటేనే నెమ్మదిగా ఉంటాయి. అంతే చాలు.

ఒక్కరోజులో అన్నీ వేయకండి. చేపల మలంలోంచి వచ్చే అమ్మోనియా వాటికి విషం. దాన్ని విరిచే సూక్ష్మజీవులు ఫిల్టర్లో పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఫిల్టర్ నడుపుతూ, రోజూ చిటికెడు చేపల మేత వేస్తూ ఉంటే అవి పెరుగుతాయి. ఆ తర్వాతే చేపలు, అదీ విడతలుగా.

"ఉగాదినాడు ఖాళీ తొట్టికి రిబ్బను కట్ చేస్తామా?" అంటారు. చెయ్యండి. మొక్కలు, దీపం, నీళ్లు ఉంటాయి. చచ్చిన చేపలకన్నా ఖాళీ తొట్టి నయం. దాతగారు నొచ్చుకుంటారంటే మేమే వెళ్లి మాట్లాడతాం. ఆయన పేరు మంచి ఫిల్టర్ మీద రాయిద్దాం.

కార్యదర్శిగారూ, వచ్చే కూటంలో ఈ జాబితా మార్చండి. ఆ తొట్టిలో ఏది బతకాలో మనమే నిర్ణయిస్తున్నాం. తెలిసి చంపడం అలంకారం కాదు.