వీకెండ్‌కి యానాం: బోర్డర్ అవతల ఏముంది?

శుక్రవారం సాయంత్రం అయ్యేసరికి గూడెం, ఏలూరు కుర్రాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. కొల్లేరు చూసేశాం, ఆటపాక పక్షులకి మన మొహాలు కంఠతా వచ్చేశాయి, ఈసారి ఎటెళ్దాం రా? ఎవడో ఒకడు టైప్ చేస్తాడు: 'యానాం'. వెంటనే పది థంబ్స్ అప్‌లు.

పాస్‌పోర్ట్ అక్కర్లేదు. తణుకు, రావులపాలెం, అమలాపురం, ముమ్మిడివరం మీదుగా వెళ్ళి ఎదుర్లంక దగ్గర గౌతమి గోదావరి వంతెన దాటితే చాలు, పుదుచ్చేరిలో ఉంటాం. బళ్ళ మీద ఏపీ పోయి పీవై 04 వస్తుంది. ముప్ఫై చదరపు కిలోమీటర్ల ఊరు, రాజధానేమో ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో. భాష మాత్రం అచ్చం మన గోదావరి తెలుగే.

ఆ వంతెన పేరు బాలయోగి వారధి. లోక్‌సభ స్పీకర్‌గా ఉండగా 2002 మార్చి 3న ఆయన ఎక్కిన హెలికాప్టర్ కూలింది మన కైకలూరు దగ్గర, కొవ్వాడలంక చేపల చెరువులోనే. వంతెన లేని రోజుల్లో అక్కడ ఏరు దాటాలంటే పంటు ఎక్కాల్సిందే.

ఇంతకీ అంత దూరం ఎందుకెళ్తున్నట్టు? ఏటి ఒడ్డున శివలింగానికి ఏనుగులు అభిషేకం చేసే బొమ్మలున్నాయి, ఈఫిల్ టవర్ మోడల్‌లో కట్టిన టవరుంది, వరదనీళ్ళ కాలంలో పులస ఉంటుంది. ఇవన్నీ ఇంట్లో చెప్పే కారణాలు. అసలు కారణాలు రెండు: పెట్రోలు, మందు.

పెట్రోలు లెక్క చూద్దాం. లీటరుకి పది రూపాయల పైనే తేడా ఉంటుంది. బైక్ ట్యాంకు పన్నెండు లీటర్లు అనుకుంటే మిగిలేది మహా అయితే నూటయాభై. గూడెం నుంచి రానూపోనూ రెండొందల కిలోమీటర్ల పైనే కదా, దానికి నాలుగు లీటర్లు ఎగిరిపోతాయి. అంటే నాలుగొందలు ఎదురు పెట్టి నూటయాభై మిగుల్చుకుంటున్నామన్నమాట! మందు లెక్క ఇంకా ఘోరం. అక్కడి సీసా ఇటు తెస్తే చెక్‌పోస్టులో కేసు. అక్కడే తాగేసి వస్తే, చీకట్లో కోనసీమ కాలవ గట్ల మీద బండి. ఆ రేటు ఏ బోర్డులోనూ రాసి ఉండదు.

సరే, ఈ బోర్డర్ ఎలా వచ్చిందో చూద్దాం. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కార్లను ఫ్రెంచి సేనాని బుస్సీకి రాసిచ్చాడు. అందులో ఏలూరు కూడా ఉంది. ఐదారేళ్ళకే ఇంగ్లీషువాళ్ళు లాగేసుకున్నారు. చివరికి ఇటువైపు ఫ్రెంచివాళ్ళకి మిగిలింది యానాం. అది 1954లో మన దేశంలో కలిసింది, చట్టప్రకారం విలీనం 1962 ఆగస్టు 16న. అంటే మన తాతల చిన్నప్పటికి యానాం పరాయి దేశమే.

అప్పుడూ మనవాళ్ళు బోర్డర్ దాటేవాళ్ళు. మంగళవారం సంతకెళ్ళి ఫారిన్ సరుకు తెచ్చుకునేవాళ్ళు. దానికంటే ముఖ్యమైన పని ఇంకోటి ఉండేది. అమ్మాయికి పద్నాలుగు, అబ్బాయికి పద్దెనిమిది నిండకుండా పెళ్ళి చేస్తే శిక్ష అంటూ 1930 ఏప్రిల్ 1 నుంచి శారదా చట్టం అమల్లోకి వచ్చింది. అది బ్రిటిష్ ఇండియా వరకే. దాంతో పిల్లల్ని వెంటబెట్టుకుని పెళ్ళివారు యానాం దారి పట్టారు. అక్కడ తాళి కట్టించి మర్నాటికి మళ్ళీ ఇటు వచ్చేసేవాళ్ళు. అలా ఎన్ని పెళ్ళిళ్ళు జరిగాయో ఏమో, యానానికి 'కల్యాణపురం' అన్న పేరే పడిపోయింది.

పెద్దవాళ్ళకి అదొక తెలివైన ట్రిప్పు. ఆ పిల్లకి మాత్రం రిటర్న్ లేదు. ఆ వయసులో మెళ్ళో పడ్డ తాళితో ఇటొచ్చి, అత్తారింట్లో బతుకంతా ఇక్కడే గడపాలి. చట్టాన్ని ఏటికి అవతల ఆపగలిగారు గానీ, దాని ఫలితాన్ని ఎవరూ ఆపలేకపోయారు.

పాతకాలం కబుర్లు అనుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20-24 ఏళ్ళ మహిళల్లో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళయింది. ఇప్పుడు యానాం దాకా వెళ్ళక్కర్లేదు. ఊళ్ళోనే కానిచ్చేస్తున్నారు, మనం వెళ్ళి భోజనం చేసి, ఫొటో దిగి, స్టేటస్ కూడా పెడుతున్నాం.

యానాం వెళ్ళండి, వద్దనట్లేదు. సాయంత్రం వారధి మీంచి గౌతమిని చూడాల్సిందే. తిరిగొచ్చేటప్పుడు తాగనివాడి చేతికి తాళాలివ్వండి. ఇంటికొచ్చాక ఒక్క పని చేయండి: మీ తాతమ్మ పెళ్ళి ఏ ఊళ్ళో జరిగిందో, అప్పటికి ఆవిడ వయసెంతో అమ్మమ్మని అడగండి. ఆవిడ జవాబు చెప్పేముందు కాసేపు ఆగితే, తొందరపెట్టకండి.