హ్యామ్ ప్రోగ్రాం ముందు లినక్స్ మీద ఆడాలి

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు ఆగిపోయింది. హ్యామ్‌ల (అమెచ్యూర్ రేడియో ఆపరేటర్ల) గదుల్లో రిగ్, అంటే రేడియో సెట్టు, పక్కన ఉండే కంప్యూటర్ తరచుగా ఇంట్లోవాళ్లు వాడి వదిలేసిందే అయివుంటుంది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేని పాత మిషన్ మీద విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. మిషన్ మాత్రం రాయిలా ఉంటుంది. కొత్త ప్రోగ్రాం రాయబోయే హ్యామ్ ముందుగా తలుచుకోవాల్సింది లినక్స్‌తో ఇంకా నడవగల ఆ మిషన్‌నే.

వాడేవాళ్లు విండోస్‌లో ఉంటే అక్కడే రాయాలి కదా అంటారు. నిజమే, పోటీల లాగింగ్‌లో పేరుమోసిన ఎన్1ఎంఎం విండోస్‌కే రాసింది. కానీ ఒకటి పట్టుకుంటే మరొకటి వదిలేయాలని ఎక్కడుంది? భౌతికశాస్త్రంలో 1993 నోబెల్ గ్రహీత జో టేలర్ మొదలుపెట్టిన హ్యామ్ ప్రోగ్రాం డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్‌నే చూడండి. లెక్కలు ఫోర్ట్రాన్‌లో, తెర మీద కనిపించేదంతా క్యూటీలో, రిగ్‌తో మాట్లాడే పని హ్యామ్‌లిబ్ అనే లైబ్రరీకి. ఒకే సోర్స్ కోడ్ విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటికీ సరిపోతోంది. 2017లో అందులో ఎఫ్‌టీ8 అనే డిజిటల్ మోడ్ వచ్చినప్పుడు ఎవరి కంప్యూటర్ ఏదైనా అందరూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద కలుసుకోగలిగారు.

మరి లినక్స్ ముందెందుకు? విండోస్‌లోనే పుట్టి పెరిగిన ప్రోగ్రాంని తర్వాత బయటికి లాగడం నరకం. రిగ్ కేబుల్ పోర్టుని కోడ్‌లో ‘కామ్3’ అని రాసిపారేస్తారు. అదే కేబుల్‌కి లినక్స్‌లో పేరు ‘టీటీవైయూఎస్‌బీ0’. పేరు సెట్టింగుల్లోంచి తీసుకునేలా మొదటిరోజే రాస్తే గొడవే లేదు. లినక్స్ కూడా ఏడిపిస్తుంది, కాదనలేం. డెబియన్‌లో యూజర్‌ని ‘డయలౌట్’ గ్రూపులో చేర్చకపోతే పోర్టు తెరుచుకోదు. కొత్త హ్యామ్ కేబుల్ పోయిందనుకుని కొట్టుకి పరుగెడతాడు. ఆ సంగతేదో ఎర్రర్ మెసేజ్‌లోనే, తెలుగులోనే చెప్పొచ్చు.

ఇక విపత్తుల సంగతి. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున వెళ్లిన భారతీ ప్రసాద్ బృందం అండమాన్‌లో ఉండగానే సునామీ విరుచుకుపడింది. ఫోన్లు మూగబోయిన దీవుల నుంచి కబుర్లు వాళ్ల రేడియోల మీద వెళ్లాయి. అలాంటిచోట కరెంటు బ్యాటరీ నుంచే రావాలి. 5 వోల్టులతో, లినక్స్ మీద నడిచే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు అక్కడ పనికొస్తుంది. దానిమీద డైర్‌వుల్ఫ్ అనే ప్రోగ్రాం వేస్తే, ఒకప్పుడు ప్యాకెట్ రేడియోకి విడిగా కొనాల్సివచ్చిన మోడెం పెట్టె పని కూడా ఒక సౌండ్‌కార్డు తోడుతో అదే చేసేస్తుంది.

అందుకే క్లబ్బుల్లో కొత్త ప్రోగ్రాం తలపెట్టినవారు ముందు దాన్ని అలాంటి బోర్డు మీద, 12 వోల్టుల బ్యాటరీని 5 వోల్టులకి దించి, ఇంటర్నెట్ లేకుండా ఒక రాత్రంతా ఆడించి చూపాలి. అక్కడ నిలబడ్డాక విండోస్ ఇన్‌స్టాలర్ కట్టి, సోర్స్ కోడ్‌తో సహా అందరికీ ఇచ్చేయాలి.