క్లాంపు కొనుక్కోవద్దు, చేసుకోండి

మిల్లింగ్ మిషన్ అనగానే మనకు గుర్తొచ్చేది తిరిగే కట్టరు. పరీక్షల్లో అడిగేదీ దాని గురించే. అయితే కట్టరు ఎంత పదునుగా ఉన్నా, జాబ్ కదిలిందంటే పని చెడినట్టే. కట్టరు విరిగి ముక్క మనిషి మీదికి ఎగిరినా ఎగురుతుంది. జాబ్‌ను టేబుల్‌కు బిగించే క్లాంపులను ఎవరికి వారు ఇంట్లోనే చేసుకోవాలని నా అభిప్రాయం. ఇంగ్లండులో ఇంటి షెడ్డులో చిన్న మిషన్లు పెట్టుకునే వాళ్ళ కోసం 1898లోనే ‘మోడల్ ఇంజనీర్’ అనే పత్రిక పుట్టింది. అలాంటి వాళ్ళకు సొంత క్లాంపులు చేసుకోవడం మామూలు విషయం.

కావలసింది పాత ఇనుప సామాన్ల కొట్లో తూకానికి దొరికే మైల్డ్ స్టీల్ పట్టీ. మధ్యలో వరుసగా రంధ్రాలు వేసి, ఆకురాయితో వాటిని కలిపితే బోల్టు జరిగే గాడి తయారవుతుంది. పట్టీ ఒక కొన జాబ్ మీద, రెండో కొన ఒక దిమ్మ మీద ఆనుతుంది. ఇక్కడే చదువు అక్కరకొస్తుంది. రెండు ఆనుల మధ్య దూరం 90 మి.మీ. అనుకుందాం. బోల్టు జాబ్‌కు 30 మి.మీ. దూరంలో ఉంటే బిగింపులో మూడింట రెండు వంతులు జాబ్ మీద పడుతుంది. బోల్టును దిమ్మ వైపు జరిపితే ఆ బలం దిమ్మకే పోతుంది. చిన్న తరగతుల్లో బట్టీపట్టిన లీవరు సూత్రమే ఇది! దిమ్మ జాబ్ కన్నా వెంట్రుకవాసి ఎత్తుండాలి. తగ్గిందా, క్లాంపు జాబ్ అంచును మాత్రమే పట్టి జారుతుంది.

టీ-నట్టు సంగతి మరీ ముఖ్యం. అడుగున చివరి మరచుట్టును పంచ్‌తో కొట్టి మూసేయాలి. లేదంటే స్టడ్డు కిందికి దిగి టేబుల్‌ను నొక్కుతుంది, నట్టు పైకి లాగుతుంది. చివరికి పోత ఇనుప టేబుల్ గాడి పెదవి విరిగిపోతుంది.

మా ఇంట్లో డిగ్రీ చూసినవాణ్ణి నేనే మొదలు. చేతికి నూనె మరకలు కనబడితే “ఇంత చదివి ఇదేం పనిరా?” అంటుంది మా అమ్మ. ఆమె బాధలో న్యాయముంది. తరతరాలుగా మనవాళ్ళను చేతిపనికి కట్టేసి, లెక్కా పుస్తకమూ ఇంకొకరు పట్టుకున్నారు. అందుకే చేతిపని పవిత్రమని ఎవరైనా ఉపన్యాసమిస్తే నాకూ అనుమానమే. నేను అడిగేది వేరు. బోల్టు ఎక్కడుండాలో లెక్క కట్టేవాడూ, గాడి రాకేవాడూ ఒక్కడే కావాలి. హైదరాబాద్ బాలానగర్‌లో 1968లో మొదలైన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ పనిముట్ల తయారీని ఒక చదువుగానే నేర్పుతోంది. మరి డ్రాయింగ్ షీటు గీసి మార్కులు తెచ్చుకున్న మనం ఆకురాయి పట్టడానికి సిగ్గుపడటం దేనికి?

ఐటిఐ, పాలిటెక్నిక్ చదివే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ ఈ సెలవుల్లో ఒక జత చేసి చూడండి. దీనికి మిల్లింగ్ మిషనే అక్కర్లేదు. వైసు, డ్రిల్లు, ఆకురాయి చాలు. మొదటి జత గాడి వంకరపోయినా పారేయకండి, డ్రిల్లింగ్ మిషన్ టేబుల్ మీద పనికొస్తుంది.