పొరుగు సైటు నుంచి జవాబు

సూర్యాపేట వర్తకుడొకాయన తన వెబ్ పేజీలో మిర్యాలగూడ మిల్లు బియ్యం ధరలు చూపించాలనుకున్నాడనుకోండి. మిల్లువారి సైటులో ధరలున్నాయి. తెచ్చుకుంటే సరిపోదా అంటారు మీరు. బ్రౌజరు ఒప్పుకోదండీ!

ఒక సైటు పేజీలోని ప్రోగ్రాము మరో సైటు సమాచారాన్ని చదవరాదన్న కట్టుబాటు 1995లో నెట్‌స్కేప్ బ్రౌజరుతో వచ్చింది. ఇది చాదస్తం కాదు. మీరు బ్యాంకు ఖాతా తెరిచి ఉంచి, పక్కన వంటల పేజీ చూస్తుంటే, ఆ పేజీ మీ నిల్వ ఎంతో చదివేస్తే ఏంగాను?

అయితే ఒక సందు ఉంది. పరాయి సైటు నుంచి స్క్రిప్టు తెచ్చి నడపటానికి అభ్యంతరం లేదు. 2005లో బాబ్ ఇప్పొలిటో అనే ఆయన ఆ సందులోంచే ఒక పద్ధతి చెప్పి, జేసన్‌పీ అని పేరు పెట్టాడు. అడిగేటప్పుడే మన ఫంక్షను పేరు పంపుతాం. మిల్లువారి సర్వరు ధరలను ఆ ఫంక్షను పిలుపులో పెట్టి స్క్రిప్టుగా పంపుతుంది. అది రాగానే మన ఫంక్షను నడుస్తుంది. దాన్నే కాల్‌బ్యాక్ అంటారు.

ఇక్కడ మూడు జాగ్రత్తలు. అడిగిన మరుక్షణం జవాబు చేతికి రాదు. కనుక ధరలతో చేయవలసిన పనంతా కాల్‌బ్యాక్‌లోనే ఉండాలి. కోదాడ మిల్లును కూడా అదే సమయాన అడిగితే, ఏ జవాబు ముందొస్తుందో తెలియదు. అందుకని ఒక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్క పేరు ఇవ్వాలి. జవాబు అసలే రాకపోతే కాల్‌బ్యాక్ నడవదు. కాబట్టి గడువు పెట్టుకుని, అది దాటితే “ధరలు అందలేదు” అని చూపాలి.

ఇంతా చేసి, అసలు చిక్కు మిగిలే ఉంది. వచ్చింది వట్టి ధరల చీటీ కాదు, మన పేజీలో నడిచే ప్రోగ్రాము. మిల్లువారి సర్వరులో దొంగ జొరబడ్డాడంటే, మన పేజీలో ఖాతాదారులు నింపిన పేర్లూ ఫోన్ నంబర్లూ వాడి పాలే.

అందుచేత నేను చెప్పేది కోర్స్ పద్ధతి. 2014 జనవరిలో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం దాన్ని ప్రమాణంగా సిఫారసు చేసింది. “సూర్యాపేట పేజీ చదవవచ్చు” అని మిల్లువారి సర్వరే జవాబుతోపాటు బ్రౌజరుకు చెబుతుంది. అప్పుడు మనకు అందేది సమాచారమే. దాన్ని ఎవరూ నడపరు. ఆ ఒక్క వాక్యం సర్వరులో చేర్చమని మిల్లువారిని అడగటానికి మొహమాటం దేనికి? అడగండి. మీ ఖాతాదారులు మిమ్మల్ని నమ్మే గదా తమ నంబర్లు ఇచ్చారు!